449 జౌల్స్ ఎక్కడికి పోయాయి?

"థర్మామీటర్ లీస్ట్ కౌంట్ ఎంత?" అని అడిగారు మేడమ్.

"ఒక డిగ్రీ, మేడమ్."

"మరి 34.8 ఎలా చదివావు?"

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ రోజు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మేడమ్ ఈ ప్రశ్న కోపంగా ఏమీ అడగలేదు. కెలోరిమీటర్‌లోకి ఒకసారి తొంగి చూసి, నా పేపర్ చూసి, మామూలుగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను చూసింది 34.8 కాదు. పాదరసం 34 గీత మీద ఆగింది. ఇత్తడి విశిష్టోష్ణం 0.38 రావాలని రికార్డు నుంచి ముందే తెలుసు కాబట్టి, లెక్క కింద నుంచి పైకి చేసుకుంటూ వెళ్ళి, ఎంత రీడింగ్ ఉంటే 0.38 వస్తుందో కనిపెట్టి, 34.76 వస్తే దాన్ని 34.8 చేసి రాశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. పక్క టేబుల్ మీద నా రూమ్మేట్‌కి కూడా లాటరీలో అదే ప్రయోగం పడింది. వాడు 33 అని ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. "ఒరేయ్, 34.8 వెయ్యి, కరెక్ట్‌గా వస్తది" అని గుసగుసగా చెప్పాను. వాడు నన్ను నమ్మి కొట్టేసి 34.8 వేశాడు. వాడి ఇత్తడి ముక్క 135 గ్రాములు, నాది 150. వాడి నీళ్ళు 130 గ్రాములు, నావి 120. ఆ సంగతి నాకు తట్టలేదు. నా ఆన్సర్ 0.382 వస్తే వాడికి 0.458 వచ్చింది. రెండు టేబుళ్ళ మీద రెండు 34.8లు చూశాక మేడమ్‌కి ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. 30 మార్కులకి నాకు 19, వాడికి 16.

రాత్రి హాస్టల్లో వాడు నన్ను ఏమీ అనలేదు. రెండు తిట్టినా బాగుండేదనిపించింది.

ఇది మూడేళ్ళ నాటి మాట. పోయిన సెమ్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్టు చదువుతుంటే ఆ 34 మళ్ళీ గుర్తొచ్చింది. నేను చూసిన 34 తప్పు రీడింగ్ కాదు కదా. మరి రావాల్సిన 0.38 ఎందుకు రాలేదు? తగ్గిన వేడి ఎక్కడికి పోయింది? ఆ లెక్క ఇప్పుడు చేయగలను, చేశాను కూడా. అదే ఇక్కడ రాస్తున్నాను. కానీ ముందు కెలోరిమెట్రీ కొంచెం మొదటి నుంచి చెప్పుకోవాలి. మా క్లాసులో చాలామందికి, నాతో కలిపి, ఫార్ములా వచ్చు గానీ లెక్క రాదు.

బకెట్‌తో మొదలుపెడదాం. చలికాలం పొద్దున హాస్టల్లో 95 డిగ్రీల వేడినీళ్ళు 5 లీటర్లు దొరికాయనుకోండి (దొరకవు, అనుకోండి). వాటిని 25 డిగ్రీల చన్నీళ్ళు 15 లీటర్లున్న బకెట్‌లో పోశారు. చివరికి ఎంత వేడి ఉంటుంది? సగటు తీసి 60 అనేవాళ్ళు ఒళ్ళు కాల్చుకుంటామని భయపడి స్నానం మానేస్తారు. చన్నీళ్ళు మూడు రెట్లు ఎక్కువున్నాయి కాబట్టి అవి ఒక్క డిగ్రీ పెరిగితే వేడినీళ్ళు మూడు డిగ్రీలు దిగాలి. మొత్తం తేడా 70. దాన్ని నాలుగు వాటాలు చేస్తే ఒక్కోటి 17.5. చన్నీళ్ళు ఒక వాటా పెరిగాయి: 42.5 డిగ్రీలు. వేడినీళ్ళు మూడు వాటాలు దిగాయి: అదీ 42.5. హాయిగా స్నానం చేయొచ్చు.

ఇందులో ఫార్ములా ఎక్కడా లేదు, చూశారా. వేడి వస్తువు పోగొట్టుకున్నదీ, చల్లని వస్తువు తీసుకున్నదీ సమానం, అంతే. టెన్త్‌లో మొదటి పాఠం 'ఉష్ణం'లో మిశ్రమాల పద్ధతి సూత్రం అని చదువుకున్నది ఇదే. చిట్టా పద్దు లాంటిది: ఒకడి ఖాతాలో పోయింది ఇంకొకడి ఖాతాలో కనిపించాలి. కనిపించకపోతే మధ్యలో ఎవడో తిన్నట్టు.

రెండూ నీళ్ళే అయితే బరువులు చూసుకుంటే సరిపోతుంది. వస్తువులు వేరైతే విశిష్టోష్ణం కావాలి, అంటే మన స్పెసిఫిక్ హీట్. ఒక గ్రాము పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎన్ని జౌల్స్ కావాలో చెప్పే సంఖ్య. నీటికి 4.186. అల్యూమినియంకి 0.90, ఇనుముకి 0.45, రాగికి 0.385, ఇత్తడికి 0.38, సీసానికి 0.13. ఈ వరుస ఒకసారి తీరిగ్గా చూడండి. నీళ్ళ ముందు లోహాలన్నీ తేలిపోతాయి. ఇత్తడితో పోలిస్తే నీటికి 11 రెట్లు వేడి కావాలి. మే నెలలో రామగుండం మాడిపోతుంటే విశాఖ ఉక్కపోతతో సరిపెట్టుకోవడానికి ఒక కారణం పక్కనే ఉన్న అన్ని నీళ్ళు.

నాకు బాగా పనికొచ్చిన అలవాటు ఒకటి చెప్తాను. లెక్క మొదలుపెట్టగానే ప్రతి వస్తువుకీ ద్రవ్యరాశినీ విశిష్టోష్ణాన్నీ గుణించి ఒక్క సంఖ్య చేసి పెట్టుకోండి. దాన్ని ఉష్ణధారణ సామర్థ్యం అంటారు: ఆ వస్తువు మొత్తాన్ని ఒక డిగ్రీ పెంచడానికి ఎన్ని జౌల్స్ కావాలో. నా 150 గ్రాముల ఇత్తడి ముక్కకి 150 × 0.38 = 57. అంటే వేడి లెక్కలో ఆ బరువైన ముక్క 13.6 గ్రాముల నీటితో సమానం. ఒక టేబుల్ స్పూన్ నీళ్ళు కూడా కాదు! ఈ ఒక్క సంఖ్య ముందే చూసుంటే, 120 గ్రాముల నీళ్ళలో అది పడితే నీళ్ళు పెద్దగా వేడెక్కవని ఆ రోజే తెలిసేది. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

పైకి చేసే లెక్కలు కూడా ఇంతే. 15 లీటర్ల నీళ్ళని 25 నుంచి 42కి తేవాలంటే 15,000 × 4.186 × 17, దాదాపు 10 లక్షల 67 వేల జౌల్స్. 1500 వాట్ల హీటర్ రాడ్ సెకనుకి 1500 ఇస్తుంది. భాగిస్తే 711 సెకన్లు, 12 నిమిషాలు. మీ బకెట్ 15 నిమిషాలు తీసుకుంటే మిగతా 3 నిమిషాల కరెంటు గాలికీ, బకెట్‌కీ పోయింది. (స్విచ్ ఆపకుండా నీళ్ళలో వేలు పెట్టి చూసేవాళ్ళకి ఈ లెక్క అవసరం ఉండదు.)

ఇక అసలు తిరకాసు ఐస్ దగ్గర ఉంది. పరీక్షల్లో మార్కులు పోయేదీ ఇక్కడే.

30 డిగ్రీల నిమ్మకాయ నీళ్ళు 200 గ్రాములు. అందులో 0 డిగ్రీల ఐస్ 100 గ్రాములు వేశారు. చివరి ఉష్ణోగ్రత ఎంత? మనవాళ్ళు వెంటనే ఇటు 'టీ', అటు 'టీ' పెట్టి సమీకరణం రాసేస్తారు. ఐస్ కరగడానికి గ్రాముకి 334 జౌల్స్, ఆ తర్వాత కరిగిన నీళ్ళు 0 నుంచి 'టీ' దాకా, ఇటు నిమ్మనీళ్ళు 30 నుంచి 'టీ' దాకా. సాల్వ్ చేస్తే మైనస్ 6.6 డిగ్రీలు వస్తుంది. సున్నా దగ్గరున్న ఐస్, 30 దగ్గరున్న నీళ్ళు కలిస్తే మైనస్‌లోకి ఎలా వెళ్తాయి? అయినా అది ఆన్సర్ షీట్లో రాసి, కింద రెండు గీతలు కొట్టి, బాక్స్ కట్టి వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

తప్పు ఆల్జీబ్రాలో లేదు. ఐస్ అంతా కరుగుతుందని ముందే అనేసుకోవడంలో ఉంది. సమీకరణం రాసే ముందు బేరం చూడాలి: నిమ్మనీళ్ళ దగ్గర ఇవ్వడానికి ఎంత ఉంది, ఐస్‌కి కావాల్సింది ఎంత? నీళ్ళు 30 నుంచి 0కి దిగితే ఇవ్వగలిగింది 200 × 4.186 × 30 = 25,116 జౌల్స్. ఐస్ అంతా కరగాలంటే 33,400 కావాలి. చాలదు. అంటే 25,116ని 334తో భాగిస్తే వచ్చే 75 గ్రాములే కరుగుతాయి. ఇంకో 25 గ్రాముల ఐస్ తేలుతూ ఉంటుంది. ఉష్ణోగ్రత సరిగ్గా 0. అయిపోయింది, 'టీ' అవసరమే రాలేదు.

ఐస్ 50 గ్రాములే వేస్తే కథ మారుతుంది. కరగడానికి 16,700 చాలు. నీళ్ళ దగ్గర ఇంకా 8,416 మిగులుతుంది. మిగిలినదాన్ని ఇప్పుడు మొత్తం 250 గ్రాముల నీళ్ళ మీద పరిస్తే 8 డిగ్రీలు. ఫ్రిజ్‌లోంచి తీసిన ఐస్ మైనస్ 10 దగ్గర ఉంటే, అది సున్నాకి రావడానికి గ్రాముకి ఇంకో 21 జౌల్స్ ముందు కట్టాలి, ఎందుకంటే ఐస్ విశిష్టోష్ణం నీటిలో సగమే, 2.1. కరగడానికి పట్టే దానితో పోలిస్తే అది చిల్లర.

ఈ 334నే గుప్తోష్ణం అంటాం. పేరు పెట్టినవాడు సామాన్యుడు కాదు గానీ, పేరులోనే విషయమంతా ఉంది. వేడి వెళ్తోంది, థర్మామీటర్‌కి కనపడట్లేదు. 1760ల మొదట్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ దీన్ని పట్టుకున్నాడు. అప్పటిదాకా ఐస్ సున్నాకి వస్తే చాలు, ఇంకొంచెం వేడి తగిలితే మొత్తం గభాల్న కరిగిపోతుందని అనుకునేవారు. అదే నిజమైతే కొండల మీద మంచు ఒక్క ఎండకి వరదై కిందికి రావాలి కదా అన్నది ఆయన వాదన. సున్నా దగ్గరున్న ఐస్‌ని కరిగించడానికి, అంతే బరువున్న నీళ్ళు దాదాపు 80 డిగ్రీలు చల్లబడాలి. 334ని 4.186తో భాగించండి, 79.8 వస్తుంది. మన చేతిలో ఉన్న రెండు సంఖ్యలు ఆయన కొలతని ఇప్పటికీ సమర్థిస్తున్నాయి. ఇంత చేసి ఆయన దీన్ని పుస్తకంగా వేయలేదు, క్లాసులో చెప్పి ఊరుకున్నాడు. 1799లో ఆయన పోయాక, 1803లో ఆ ఉపన్యాసాలు అచ్చయ్యాయి. అదే యూనివర్సిటీలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ ఆ రోజుల్లో ఆయన స్నేహితుడు.

ఆవిరికి ఈ సంఖ్య ఇంకా పెద్దది, గ్రాముకి దాదాపు 2,260. మరిగే నీళ్ళు 10 గ్రాములు చేతి మీద పడి 37 డిగ్రీలకి దిగితే ఇచ్చేది 2,640 జౌల్స్. అదే 10 గ్రాముల ఆవిరి చేతి మీద నీరుగా మారితే దానికి ముందే 22,600 ఇచ్చి, ఆ తర్వాత ఈ 2,640 కూడా ఇస్తుంది. ఇడ్లీ పాత్ర మూత అవతలి వైపుకి వంచి తీయమని అమ్మ ఎందుకు అరుస్తుందో ఈ లెక్క చేశాక అర్థమైంది.

సరే, మళ్ళీ నా టేబుల్ దగ్గరికి.

ఇత్తడి ముక్క 150 గ్రాములు, స్టీమ్ హీటర్‌లో 98 డిగ్రీలు. (హైదరాబాద్ సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. రికార్డులో అలవాటు కొద్దీ 100 అని రాసేవాళ్ళు ఆన్సర్‌ని అక్కడే మూడు శాతం తగ్గించుకుంటున్నారు.) నీళ్ళు 120 గ్రాములు, 28 డిగ్రీలు. రాగి కెలోరిమీటర్, స్టిర్రర్‌తో కలిపి 80 గ్రాములు. ముక్క వేశాక 34.

తీసుకున్నవాళ్ళు ఇద్దరు. నీళ్ళకి 120 × 4.186, అంటే 502.3. కెలోరిమీటర్‌కి 80 × 0.385, అంటే 30.8. మొత్తం 533.1. గిన్నె కూడా వేడెక్కుతుందని మర్చిపోయేవాళ్ళు చాలామంది, మర్చిపోతే ఇక్కడ ఆరు శాతం పోతుంది. ఆరు డిగ్రీలు పెరిగాయి కాబట్టి తీసుకున్నది 3,199 జౌల్స్. ఇచ్చింది ఇత్తడి: 150 × విశిష్టోష్ణం × 64. భాగిస్తే 0.333.

రావాల్సింది 0.38. అదే నిజమైతే ఇత్తడి 57 × 64 = 3,648 ఇచ్చి ఉండాలి. పద్దులో తేలింది 3,199. 449 జౌల్స్ గల్లంతు.

పరీక్ష రోజు నేను ఈ 449ని రబ్బరుతో చెరిపేశాను. ఇప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి అడుగుదాం.

మొదటి అనుమానం ఎవరికైనా దారి మీదే: హీటర్ నుంచి కెలోరిమీటర్‌కి తెచ్చేటప్పుడు ముక్క గాల్లో చల్లారిపోయింది. వైవాలో అందరం చెప్పే జవాబు కూడా ఇదే, "హీట్ లాస్ డ్యూరింగ్ ట్రాన్స్‌ఫర్, మేడమ్". చూద్దాం. 150 గ్రాముల ఇత్తడి 17.6 ఘన సెంటీమీటర్లు ఉంటుంది. దాని ఉపరితలం సుమారు 40 చదరపు సెంటీమీటర్లు. చేత్తో కదిలిస్తూ తెస్తున్నాం కాబట్టి గాలికి వేడి పోయే గుణకం చదరపు మీటరుకి, డిగ్రీకి 15 వాట్లు వేసుకుందాం, ధారాళంగానే. తేడా 65 డిగ్రీలు. గుణిస్తే 4 వాట్లు. 5 సెకన్లు పట్టింది. మొత్తం 20 జౌల్స్! ఇన్నేళ్ళూ నేరమంతా మోసిన పాపం ఈ దారి తిన్నది 20 జౌల్స్ మాత్రమే. ఇది చూసి నిజంగా నవ్వొచ్చింది.

రెండోది, వేడెక్కిన కెలోరిమీటర్ గదికి పోగొట్టుకున్నది. గది 28, నీళ్ళు మహా అయితే 34. పైన, పక్కల కలిపి 150 చదరపు సెంటీమీటర్లు, గుణకం 10 అనుకుంటే ఒక వాటు కూడా రాదు. కలుపుతూ రెండు నిమిషాలు ఆగితే 100 జౌల్స్, అదీ చుట్టూ దూది లేదనుకుంటే. మూడోది, ముక్క వేసినప్పుడు ఎగిరిన చుక్కలు. ఒక గ్రాము నీళ్ళు బయట పడ్డా 25 జౌల్స్. ముగ్గురూ కలిసి 145. ఇంకా 300 దాకా లెక్క తేలలేదు.

అప్పుడు స్టీమ్ హీటర్ గుర్తొచ్చింది. ముక్క ఆవిరిలో తడవకుండా లోపలి గొట్టంలో పొడిగా వేలాడుతుంది. దాని పక్కనే థర్మామీటర్. అది 98 చూపించి కదలకుండా నిలబడితే తీసేస్తాం. 15 నిమిషాలకి తీశాను నేను, వెనక ఇంకో బ్యాచ్ తొందరపెడుతుంటే. కానీ థర్మామీటర్ చూపించేది గొట్టంలో గాలి వేడిని. ఇత్తడి వేడిని కాదు. ముక్కకి వేడి అందాలంటే ఆ గాలి పొర దాటే రావాలి.

లంప్డ్ కెపాసిటీ పద్ధతి చదివినవాళ్ళకి ఇక్కడ బల్బు వెలగాలి. ముక్కకీ ఆవిరికీ మధ్య తేడా మొదట 70 డిగ్రీలు. అది ఒక్కో టైమ్ కాన్‌స్టెంట్‌కీ 37 శాతానికి తగ్గుతూ వస్తుంది. 304 జౌల్స్ తక్కువ పడ్డాయంటే, 57తో భాగిస్తే, ముక్క 98 కాదు, 92.7 దగ్గర ఉండి ఉండాలి. 15 నిమిషాల్లో 70 కాస్తా 5.3కి తగ్గిందంటే టైమ్ కాన్‌స్టెంట్ దాదాపు 6 నిమిషాలు. ముక్క ఉష్ణధారణ 57ని ఆ 6 నిమిషాలతోనూ ఉపరితలంతోనూ భాగిస్తే, గొట్టంలో గుణకం 40 దరిదాపుల్లో వస్తుంది. ముక్క చుట్టూ ఉన్నది మిల్లీమీటరులోపు గాలి పొర అయితే ఆ సంఖ్య అసాధ్యమేమీ కాదు. 15 నిమిషాల బదులు అరగంట ఆగి ఉంటే వెనకబాటు అర డిగ్రీకి దిగేది.

దొంగ దొరికాడు అని కేకేయబోయి ఆగాను. ఇంకో అనుమానితుడున్నాడు, అందరికంటే పెద్దమనిషిలా నిలబడ్డవాడు: థర్మామీటర్. గీతకీ గీతకీ మధ్య ఒక డిగ్రీ ఉన్నప్పుడు అర డిగ్రీ అటూ ఇటూ కన్ను మోసపోవచ్చు. ఆ అర డిగ్రీ ఖరీదు 533లో సగం, 267 జౌల్స్. అంటే 300లో దాదాపు అంతా థర్మామీటరే మింగి ఉండొచ్చు. పెరిగిందే ఆరు డిగ్రీలు. అందులో అర డిగ్రీ అంటే ఎనిమిది శాతం. అలాంటి ప్రయోగంలో 0.382 అని మూడు దశాంశాలు రాయడమే అనుమానించాల్సిన విషయం. మేడమ్ పట్టుకున్నది అదే కదా.

థర్మామీటర్‌ని నమ్మకుండా ఈ పని చేసినవాళ్ళు కూడా ఉన్నారు. 1782-83 చలికాలంలో పారిస్‌లో లవోజియే, లాప్లాస్ ఇద్దరూ వేడి వస్తువుని ఐస్ మధ్యలో పెట్టి, అది చల్లారేలోపు ఎంత ఐస్ కరిగిందో ఆ నీళ్ళని తూచారు. నా ఇత్తడి ముక్క నిజంగా 98 దగ్గర ఉంటే, సున్నాకి వచ్చేసరికి 5,586 జౌల్స్ ఇచ్చి 16.7 గ్రాముల ఐస్‌ని కరిగించేది. డిగ్రీలు చదవడం కంటే గ్రాములు తూచడం తేలిక. వాళ్ళ తిప్పలు వాళ్ళకున్నాయి: కరిగిన నీళ్ళలో కొంత ఐస్ ముక్కల సందుల్లోనే ఉండిపోయేది, కిందికి దిగేది కాదు. అదే పరికరంలో గినీ పిగ్‌ని కూడా కూర్చోబెట్టి, ఊపిరి తీసుకునే ప్రాణి ఎంత వేడి ఇస్తుందో కొలిచారు.

ముక్కా, థర్మామీటరా? కాగితం మీద తేలదు. మళ్ళీ చేసి చూడాల్సిందే. ఫస్టియర్ వాళ్ళ ఫిజిక్స్ ల్యాబ్‌లో అసిస్టెంట్ అన్నని బతిమాలితే ఒక శనివారం మధ్యాహ్నం ఇచ్చాడు. రెండూ ఒకేసారి సరిచేశాను. ముక్కని అరగంట పైన ఉంచాను. ఐదో వంతు డిగ్రీకి గీత ఉన్న థర్మామీటర్ పట్టాను. ఇంకోటి, పైన చెప్పిన 13.6 గ్రాముల సంగతి గుర్తుంది కదా. ఆ టేబుల్ స్పూన్ లాంటి ముక్క చేత 120 గ్రాముల నీళ్ళని వేడెక్కించమంటే అది మాత్రం ఏం చేస్తుంది? ముక్క మునిగేంత, 80 గ్రాములే పోశాను. పెరుగుదల పెద్దదైతే అర డిగ్రీ తప్పు చిన్నదవుతుంది.

150 గ్రాముల ఇత్తడి, 98 డిగ్రీలు. నీళ్ళు 28. కెలోరిమీటర్ అదే బరువు. నీళ్ళకి 334.9, గిన్నెకి 30.8, మొత్తం 365.7. ఈసారి పాదరసం 37.2 దగ్గర ఆగింది. నేను చూసిందీ, రాసిందీ అదే. 9.2 డిగ్రీలకి తీసుకున్నది 3,364. ఇత్తడి దిగింది 60.8 డిగ్రీలు. విశిష్టోష్ణం 0.369.

రెండు మార్పులూ ఒకేసారి చేశాను కాబట్టి తప్పు ముక్కదా థర్మామీటర్‌దా అన్నది విడదీయలేకపోయాను, అది నా తొందర. ఒకసారి ముక్కని 15 నిమిషాలకే తీసి, ఇదే థర్మామీటర్‌తో చూసి ఉండాల్సింది. ఇంకో శనివారం దొరికితే చేస్తాను.

ఆ సాయంత్రం మొత్తం లెక్కని, 0.333 నుంచి 0.369 దాకా, ఫొటోలు తీసి నా పాత రూమ్మేట్‌కి పంపాను. వాడిప్పుడు వాళ్ళ ఊరి దగ్గర బీఎస్సీ ఫైనలియర్. వాడి పాత రీడింగ్ 33 కూడా వేసి చూపించాను: 135 గ్రాములు, 65 డిగ్రీలు, 0.328. నాకెంత తగ్గిందో వాడికీ దాదాపు అంతే తగ్గింది, పద్దులో వాడివి 459 జౌల్స్ గల్లంతు. వాడి రీడింగ్ సరిగ్గానే ఉందనీ, కొట్టేయించింది నేననీ, సారీరా అనీ కింద రాశాను. మూడేళ్ళు పట్టింది ఆ మాట రాయడానికి.

రెండు నీలి టిక్కులు పడ్డాయి. చాలాసేపు ఏమీ రాలేదు. రాత్రి పదిన్నరకి రిప్లై వచ్చింది:

"ఇందులో కూడా 101 తగ్గినయ్ కదరా. అవెక్కడ?"